పేరమ్మ మొగుణ్ణి బతికించిన ముఖేష్

మైపాడు గాలి సంగతి తెలియనివాళ్లు నా మాట నమ్మరు. ఒక తుఫానుకు నా షాపు బోర్డు ఊడి, ఇసకపల్లి దాకా ఎగిరిపోయి, అక్కడొక టీకొట్టు మీద వాలింది. "బెన్హర్ సెల్ రిపేర్స్, జెరాక్స్" అని అక్కణ్ణుంచే నాకు చాలాకాలం బేరాలు పంపించింది. అంత గాలికి కూడా తిరగబడని వస్తువు మా ఊళ్లో ఒక్కటే ఉంది. ముఖేష్ మెడలో వేలాడే ఐడీ కార్డు. తిరగబడితే వెనకవైపు అచ్చయిన అసలు పేరు కనబడుతుందని, వాడు దాన్ని ఎప్పుడూ చేత్తో అదిమి పట్టుకునే నడుస్తాడు.

ఆ అసలు పేరు ముత్యాలయ్య.

అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా తీరంలో చేపలు పట్టే ఇళ్లల్లో మనవడికి తాత పేరు పెడతారు. ముత్యాలయ్య కొడుకు వెంకయ్య. వెంకయ్య కొడుకు మళ్లీ ముత్యాలయ్య. రేపు వీడికొక కొడుకు పుడితే వాడు మళ్లీ వెంకయ్యే. ఇంట్లో పేర్లు రెండే ఉంటాయి. మనుషులు వస్తూ పోతూ వాటిని వంతులవారీగా తొడుక్కుంటారు. కానీ మనవాడు కావలి పక్కన ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. ఊళ్లో బస్సెక్కింది ముత్యాలయ్య, అక్కడ దిగింది ముఖేష్. సర్టిఫికెట్లు మాత్రం మారలేదు. వాటిని మార్చాలంటే ఆఫీసుల్లో నిలబడి పాత పేరు గట్టిగా చెప్పాలి కదా, అదీ వాడి కష్టం.

నేను ఇంటర్‌తో చదువు మానేసినవాణ్ణి. మానేశాననడం కూడా సరికాదు. లెక్కల మాస్టరు నా ప్రశ్నలకు తట్టుకోలేక బిట్రగుంటకు బదిలీ చేయించుకున్నాడు. ఆయన లేని క్లాసులో కూర్చోవడం నాకు మనస్కరించలేదు. వీడు మాత్రం చదువు పూర్తిచేసి, చెన్నైలో ఏదో కంపెనీలో కొన్నాళ్లు కుర్చీ వేడిచేసి తిరిగొచ్చాడు. ఏం పని చేశావురా అంటే "డేటా ఆర్కిటెక్ట్" అన్నాడు. ఆర్కిటెక్టు గదా అని మా పిన్ని లిల్లీ స్నానాలగదికి ప్లాను గీసిపెట్టమంది. అదీ గీయలేకపోయాడు.

అలాంటివాణ్ణి పట్టుకుని తీర మత్స్య సమాఖ్య మేనేజరు నరేంద్రబాబు గారు ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఆయనది నెల్లూరు. చేపను పళ్లెంలో తప్ప చూసినవాడు కాదు, వీడి సర్టిఫికెట్లను అలా కూడా చూసినవాడు కాదు.

సమాఖ్య సమాచారం మూడు పెట్టెల్లో ఉండేది. మొదటి పెట్టెలో సభ్యుల జాబితా. నేను పుట్టకముందు ఎవరో పాతకాలం కంప్యూటర్లో ఎక్కించారు. పేరు, తండ్రి పేరు, ఊరు, అంతే. పుట్టిన తేదీకి గడి కూడా లేదు. అప్పట్లో మా ఊళ్లో తాను పుట్టిన తేదీ తెలిసినవాడు లేడు మరి. రెండోది వితంతు భృతి పట్టిక. సభ్యుడు పోతే అతని భార్యకు సమాఖ్య నెలనెలా కొంత ఇస్తుంది. ధనలక్ష్మి అనే గుమాస్తా అది ఎక్సెల్‌లో పెట్టుకుంటుంది. మూడోది ఫోన్ యాప్. బోట్లు, వలలు, సమాఖ్య ఉద్యోగుల వేలిముద్ర హాజరు అందులోకి పోతాయి. ఆ యాప్‌కు పద్ధతీ పాడూ లేదు. ఎవరు ఏది రాస్తే అది పుచ్చుకుంటుంది. ఒకడి పేరు కింద ఇంజను వివరం ఉంటే, ఇంకొకడి కింద బోటు రంగు ఉంటుంది. పెంచల్ అనే మా ఊరి బోటువాడి కింద వాడి కుక్క పేరు కూడా ఉంది.

ఈ మూడు పెట్టెలకూ ఒకదాని భాష ఒకదానికి తెలియదు. ఒకచోట అడిగితే మూడూ కలిసి జవాబు చెప్పేటట్టు చేయాలి. అదీ ముఖేష్‌కు అప్పగించిన పని.

ఆ రోజుల్లో వాడు నా షాపుకొచ్చి చార్జరు కోసం కూర్చునేవాడు. ఊరికే కూర్చోనిస్తానా. నాకు తెలిసింది చెప్పాను.

"ముఖేషూ, తెప్ప దుంగల్ని చూసినావా. వాటికి మేకులు కొట్టరు, తాడుతో కడతారు. ఏ దుంగ దానిదిగా ఉంటది. అల వస్తే అన్నీ కలిసి వంగుతాయి, ఒడ్డుకొచ్చినాక ఊడదీసి ఎండబెట్టుకుంటారు. నీ పెట్టెల్ని గూడా యాడివాటిని ఆడ ఉండనిచ్చి, మధ్యలో తాడు కట్టు."

"అన్నా, నీకు డేటా అంటే రీచార్జి ఒకటే. అది అమ్ముకో."

సరే అమ్ముకున్నాను. వాడు మాత్రం మూడు పెట్టెల్నీ బోర్లించి ఒకే పెట్టెలో పోశాడు. దానికి "ఏకసాగరం" అని పేరు పెట్టాడు. చేపలు, పీతలు, రొయ్యలు, వాటితోపాటు చిరిగిన వలముక్క కూడా ఒకే బానలో వేసి పులుసు అంటే ఎలా ఉంటుందో అలా ఉంది అది.

ఎవరు ఎవరో కంప్యూటరు తేల్చుకోవడానికి వాడు పెట్టిన సూత్రం ఇది: పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తే ఇద్దరు కాదు, ఒక్కడే. పుట్టిన తేదీ ఒక పెట్టెలో లేదు కాబట్టి, ఉన్న పెట్టెలోంచి కూడా దాన్ని పీకేశాడు. ఇక రెండు పెట్టెలు రెండు రకాలుగా చెబితే, ఏది కొత్త కబురైతే అదే నిజం.

మా ఊళ్లో పుట్టినవాడికి ఈ సూత్రం ఎక్కడ పుచ్చిందో తెలియదా? తెలుసు. తాత పేరు మోస్తున్నవాడికి, తన తండ్రి పేరే తాత తండ్రి పేరని తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కానీ ఆ సంగతి నరేంద్రబాబు గారికి చెప్పాలంటే "ఉదాహరణకు నేనే సార్, నా పేరు ముత్యాలయ్య" అని మొదలుపెట్టాలి. అందుకని మొదలుపెట్టలేదు. తెలియక చేసిన తప్పుకు జాలిపడొచ్చు. సిగ్గుపడి చేసిన తప్పుకు నేను జాలిపడను.

తర్వాత నెల భృతి పంచడానికి ధనలక్ష్మి ఎప్పటిలాగే నా షాపు అరుగు మీద కూర్చుంది. ఊరంతటికీ సిగ్నలు నా అరుగు మీదే బాగా దొరుకుతుంది. టవరు నా వైపు కాస్త వంగి ఉంటుంది, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు. ముసలమ్మలు వరసగా వేలిముద్రలు వేసి తీసుకుపోతున్నారు. ముఖేష్ వాళ్లవ్వ పేరమ్మ వంతు వచ్చింది. బతుకంతా ఎండుచేపల గంప మోసి, మెడలు పడిపోయి ఈమధ్యే మానుకున్న మనిషి. కొడుకు వెంకయ్య ఇల్లు పక్కనే ఉన్నా వేరే పొయ్యి పెట్టుకుని వండుకుంటుంది. కోడలి చేతి కూడు తింటే కోడలి కూరకు వంక పెట్టే హక్కు పోతుందని ఆమె వాదం. ఆ పొయ్యి వెలిగేది ఈ భృతితోనే.

ధనలక్ష్మి ఫోను ఎర్రగా వెలిగింది.

"అవ్వా, నీకు ఈ నెల రాలేదు."

"యాడికి పోయిందంట?"

"మీ ఆయన బతికే ఉండాడని చూపిస్తా ఉండాది."

పేరమ్మ బేరాల్లో పండిపోయిన మనిషి. ఎంతటి మాటకూ వెంటనే బెదరదు. చెంగుతో వేలికంటిన సిరా తుడుచుకుంటూ ఆలోచించింది.

"యాడుండాడో గూడా చెప్తాదా అది?"

"చెప్పదవ్వా."

"చెప్పమనమ్మా. పెద్ద వల ఎవురికిచ్చినాడో చెప్పకండా పోయినాడు. అడగాల."

పక్కన ఫోనుకు గ్లాసు వేయించుకుంటున్న పెంచల్‌కు ఇంతకన్నా ఏం కావాలి.

"సూళ్లూరుపేట పక్క విచారించవ్వా. తాత ఆడ ఇంకో కాపరం పెట్టుంటాడు."

"పెడితే పెట్టినాడు. ఆయమ్మనే అనుభవించమను. ఈ వయసులో ఆ పీడ నాకెందుకు, నా భృతి నాకిస్తే చాలు."

ధనలక్ష్మి పాపం, మంచి పిల్ల. ఫోన్లో ఇంకాస్త లోపలికి వెళ్లి చూసి, తల గోక్కుంది. "ఈ పొద్దు పొద్దున గూడా సమాఖ్య ఆఫీసులో వేలిముద్ర వేసినాడంట అవ్వా."

ముందు నవ్వింది పెంచలే. తర్వాత నాకు అర్థమైంది. ఆ ఆఫీసులో వేలిముద్ర వేసే ముత్యాలయ్య ఒక్కడే. తాతా మనవలిద్దర్నీ కంప్యూటరు ఒకే మనిషిగా అతికేసింది. తాత పోయిన కబురు పాతది. మనవడు పొద్దున్నే వేసే వేలిముద్ర కొత్తది. కొత్తదే నిజం. అందుకని తాత బతికాడు. ధనలక్ష్మి పైకి చదివింది: ముత్యాలయ్య, తండ్రి వెంకయ్య, ఊరు మైపాడు, చదువు ఇంజనీరింగు, ఆస్తి తెప్ప ఒకటి, భార్య పేరమ్మ.

పోయిన మనిషి లేచి వస్తే ఇంట్లో వాళ్లు సంతోషించాలంటారు. పేరమ్మ చెప్పులు వేసుకుంది.

ఆ సాయంత్రం ముఖేష్ బస్సు దిగేసరికి ఆమె నా షాపు ముందే కాచుకుని ఉంది.

"అబ్బయా, మీ తాతను చంపెయ్యి."

వాడు అటూ ఇటూ చూశాడు. "గట్టిగా అనబాక అవ్వా. ఇప్పుడు సిస్టమ్‌లో ఏమీ ముట్టుకోకూడదు. శుక్రవారం మా సారు బయట సంఘాలోళ్లను పిలిచి చూపిస్తా ఉండాడు. అది అయిపోనీ."

"అందాక నేనేం తినాల?"

"మా ఇంట్లో తిను."

"మీ అమ్మ పులుసు తినేదానికన్నా మీ తాతతో మళ్లా కాపరం చేసేది నయం."

ఆమె వెళ్లిపోయాక వాణ్ణి అడిగాను, తప్పయిందని మేనేజరుకు చెబితే ఏమవుతుందని. వాడు ఐడీ కార్డు నలుపుతూ చెప్పాడు. "తీరమంతా ఎంతమంది తాతలు మనవళ్లకు అతుక్కుపోయినారో అన్నీ విడదీయాలన్నా. నన్ను పర్మనెంటు చేసే ఫైలు ఇప్పుడే కదిలింది. ఇప్పుడెట్టా చెప్పేది?"

కుళ్లిన చేప మీద ఐసు చల్లి తాజాదని అమ్మేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు కూడా సొంత అవ్వకు అమ్మరు.

శుక్రవారం సమాఖ్య హాల్లో ప్రదర్శన. ప్రొజెక్టరు నాది కాబట్టి నేనూ ఉన్నాను. నెల్లూరుకూ సముద్రానికీ మధ్య ఆ ప్రొజెక్టరును వెలిగించగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవరు ముట్టుకున్నా అది అలిగి ఆరిపోతుంది. బయట సంఘాలవాళ్లు ముందు వరసలో కూర్చుని జీడిపప్పు తింటున్నారు. నరేంద్రబాబు గారు మైకు పట్టుకుని ఏకసాగరం గురించి చెబుతున్నాడు, చేతులు అలల్లాగా ఊపుతూ.

అప్పుడు తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

పేరమ్మ. మొగుడు పోయినప్పుడు తీసేసినవన్నీ ఆ రోజు తిరిగి పెట్టుకుని వచ్చింది. నుదుట కాసంత కుంకుమ బొట్టు, రెండు చేతులకూ ఎర్ర గాజులు, ఉన్న నాలుగు వెంట్రుకల్లో కనకాంబరాలు. చీర ఎవరిదో గానీ నిప్పులాగా ఉంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు నరేంద్రబాబు గారు.

"ముత్యాలయ్య పెండ్లాన్నయ్యా. మా ఆయన బతికే ఉండాడు, ఈడే పనిచేస్తా ఉండాడని మీ ఫోను చెప్పింది. పిలుచుకొని పోదామని వచ్చినా."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంత మంచి అవకాశం అడిగినా దొరకదు. "చూశారా," అన్నాడు అతిథులతో, "ఇలాంటి నిరుపేదల కోసమే ఈ వ్యవస్థ. ముఖేష్, ఆ పేరు కొట్టు. ఆవిడ భర్త ఎక్కడున్నాడో ఒక్క క్షణంలో తెలిసిపోతుంది."

ముఖేష్ వేళ్లు కదల్లేదు. ఆయన రెండోసారి చెప్పాక కదిలాయి. నా తెర మీద నిలువెత్తున ఒక ఫోటో వచ్చింది. టై కట్టుకుని, మెడలో కార్డు పట్టుకుని, ముఖేష్. దాని కింద భార్య పేరు: పేరమ్మ.

ఆమె తెర దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చూసింది.

"ఈడే నాయనా. రోంత చిక్కినాడు గానీ ఈడే."

హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఒకాయనకు జీడిపప్పు గొంతుకు అడ్డం పడి వీపు మీద చరచాల్సి వచ్చింది. నరేంద్రబాబు గారికి నవ్వు రాలేదు.

"ఇది నీ ఫోటో కదా. ఈ ముత్యాలయ్య ఎవరు? ఈవిడెవరు?"

ఒక్క మాట చాలు. నేనే సార్, మా అవ్వ సార్, సూత్రం తప్పు సార్. పేరమ్మ వాడి మొహంలోకే చూస్తోంది. ఎగతాళి మానేసి చూస్తోంది.

"టెస్ట్ డేటా సార్," అన్నాడు ముఖేష్. "పరీక్ష కోసం ఊరికే వేసిన రికార్డు. తీసేయడం మర్చిపోయాను."

"మరి ఈవిడ?"

"ఎవరో తెలీదు సార్."

బైబిల్లో గురువును ఎరగనన్న శిష్యుడికి కూసినట్టు ఎక్కడైనా కోడి కూస్తుందేమోనని నేను కిటికీలోంచి బయటికి చూశాను. మధ్యాహ్నం కాబట్టి కూయలేదు.

"అయితే ఇప్పుడే తీసేసెయ్," అన్నాడు నరేంద్రబాబు గారు. ముఖేష్ నొక్కాడు. ఈ మనిషికి సంబంధించినవన్నీ తీసేయాలా అని యంత్రం అడిగింది. నాకు చేతకాని సంస్కారం దానికి ఉంది, మర్యాదగా ఒకసారి అడిగింది. వాడు అవునన్నాడు. పేరమ్మ పూలూ గాజులూ అలాగే ఉంచుకుని బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున ఆఫీసులో ముఖేష్ వేలిముద్ర పడలేదు. బొటనవేలు కడుక్కుని పెట్టాడు, చొక్కాకు రుద్దుకుని పెట్టాడు. ఇలాంటి మనిషి లేడంది. ఎలా ఉంటాడు, ముందురోజు తన చేత్తో తానే తుడిచేసుకున్నాడు. మూడు పెట్టెలూ మూడు చోట్ల ఉండుంటే ఒకదాంట్లో పోయినవాడు ఇంకోదాంట్లోనైనా దొరికేవాడు. అన్నీ ఒకదాంట్లోనే పోసుకున్నవాడికి వెతుక్కోవడానికి రెండో చోటు లేదు.

సమాఖ్యలో పాత నియమం ఒకటుంది. కొత్త మనిషిని చేర్చాలంటే ఊరి కాపుల ఎదుట ఆ ఇంటి పెద్ద గుర్తుపట్టాలి. కాపులంటే మా ఊళ్లో చేపలు పట్టేవాళ్ల పెద్దలు. ముఖేష్ వాళ్ల నాయన దగ్గరికి పోతే "మా అమ్మ ఉండగా నేనేం పెద్దరా" అని వల అల్లుకోవడంలో పడిపోయాడు వెంకయ్య.

అందువల్ల ఒడ్డున, బోర్లించిన బోటు మీద ల్యాప్‌టాప్ పెట్టి, కాపులు పేరమ్మను పిలిపించి కూర్చున్నారు. పెద్దకాపు హజరత్తయ్య అడిగాడు.

"పేరమ్మా, ఈ పిల్లోణ్ణి ఎరుగుదువా?"

"నన్ను ఎవురో తెలీదన్నాడు. ఈడెవురో నాకెట్టా తెలుస్తాది?"

"తప్పయిందవ్వా," అన్నాడు ముఖేష్. "చెప్పవ్వా."

"ముందు మీ తాతను చంపు. తర్వాత నువ్వు పుడుదువు గానీ."

ముఖేష్ ముందు తాతను ఎక్కించాడు. ముత్యాలయ్య, తండ్రి వెంకయ్య, ఊరు మైపాడు, చనిపోయాడు. దాని కింద భార్య పేరమ్మ. ఆ తర్వాత తన వివరాలు కొట్టాడు. ముత్యాలయ్య, తండ్రి వెంకయ్య, ఊరు మైపాడు. "ఈ మనిషి చనిపోయాడు" అంది యంత్రం.

"అంతేగదా, ఇంకో గడి చేరిస్తే సరిపోతుంది," అన్నాడు. చెన్నై మొహం మళ్లీ వచ్చింది. తాత పేరు అని కొత్త గడి తెరిచాడు. తనకు తాత ముత్యాలయ్య. వాళ్ల తాతకు తాత ఎవరు? ఆయనా ముత్యాలయ్యే. యంత్రం మళ్లీ చంపింది.

"ఇంగో గడి చేర్చినా ఇంతేరా," అన్నాడు పెంచల్. "ఎన్ని తరాలు తవ్వినా మీ ఇంట్లో ఇద్దరే మొగోళ్లు."

ఎవరూ సాయం చెప్పలేదు, ఎందుకంటే చెప్పాల్సిన అవసరం లేదు. ఒకే పేరున్న మగపిల్లల్ని మా ఊరు ఎప్పుడూ తల్లి పేరుతోనే విడదీస్తుంది. ఇసకలో ఆడుకునే రోజుల్లో వాణ్ణి అందరూ "రోజారమణి ముత్యాలు" అని అరిచి పిలిచేవాళ్లు. కాలేజీకి పోయి వాడు వదిలించుకున్నది ఆ పిలుపునే. తల్లి పేరు అని ఇంకో గడి తెరిచి, రోజారమణి అని కొట్టాడు. తర్వాత తల వంచుకుని అడిగాడు.

"తాత వాళ్లమ్మ పేరేంది అవ్వా?"

"చెంగమ్మ."

యంత్రం ఒప్పుకుంది. ఇద్దరు ముత్యాలయ్యలు రెండు వరసల్లోకి విడిపోయారు, ఒకడు పోయి, ఒకడు ఉండి. అప్పుడు పేరమ్మ పెద్దకాపుతో అంది.

"రోజారమణి కొడుకు. నా మనవడే. ఎరుగుదును."

ఆ తర్వాత వాడు తీరమంతా అతుక్కుపోయిన తాతలనూ మనవళ్లనూ తల్లుల పేర్లు పెట్టి విడదీశాడు. విడదీయక చస్తాడా, ఊరూరా ముసలమ్మలు బొట్టు పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఇదంతా చేశాక బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో, రాలేదు. నెల్లూరు మీటింగులో ఆ గడికి "మాతృ ఆధారిత గుర్తింపు విధానం" అని పేరు పెట్టి, తానే కనిపెట్టానని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. పర్మనెంటు కూడా అయ్యాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నరేంద్రబాబు గారే ముందు. ఆయనకు ఇప్పటికీ ముత్యాలయ్య ఎవరో తెలియదు.

పేరమ్మ భృతి ఆగిన నెలదీ కలిపి వచ్చింది. ఆ రోజు ఆమె నెత్తళ్లనే చిన్నచేపలు కొని, మామిడికాయ వేసి పులుసు పెట్టింది. వాసన నా షాపు దాకా కొట్టింది. గాలి ఎదురుగా ఉన్నా కొట్టింది. ధనలక్ష్మికి ఒక గిన్నె పంపింది, నాకొక గిన్నె, పెంచల్‌కు ఒకటి. కొడుక్కు పంపింది, తాను వంక పెట్టే కోడలికి కూడా పంపింది. మనవడికి పంపలేదు. అడిగితే "ఎవురూ?" అందట.

వాళ్ల నాయన గిన్నెలో ముఖేషే చెయ్యి పెట్టి సగం తినేశాడని రోజారమణక్క చెప్పింది. తింటున్నంతసేపూ మెడలో కార్డు పులుసులో పడకుండా రెండో చేత్తో పట్టుకునే ఉన్నాడట.